వేపచెట్టు నీడ, బానెట్ మీద గుంత

మే నెలలో ఒక పెళ్లికి పాలమూరు పోయి, కారును మా బావమరిది వాళ్ల గల్లీలో వేపచెట్టు కింద పెట్టాను. ఆ ఎండల్లో నీడ దొరకడమే గొప్ప అనుకున్నాను. పెళ్లి హడావిడిలో రెండు రోజులు కారు మొహం చూడలేదు. మూడో రోజు పొద్దున బయల్దేరబోతూ చూస్తే, ముదురు నీలం బానెట్ మీద ఎనిమిది చోట్ల పిట్ట రెట్టలు ఎండిపోయి సున్నం పెళ్లల్లా అతుక్కుని ఉన్నాయి. డిక్కీలో పాత బనీను గుడ్డ ఉంటే తీసి, తడి కూడా చేయకుండా గట్టిగా రుద్దాను. రెట్ట ఊడింది గానీ దాని ఆకారం ఊడలేదు. పైగా చుట్టూ సన్నటి గీతలు తేలాయి.

జడ్చర్ల, కల్వకుర్తి, మల్లేపల్లి మీదుగా నల్లగొండ చేరాక తెలిసిన టింకరింగ్ షెడ్డుకు తీసుకుపోయాను. పెయింటర్ ఏం మాట్లాడకుండా మోకాళ్ల మీద వంగి బానెట్‌ను ఏటవాలుగా చూశాడు. వేలి కొసతో తడిమాడు.

"ఇది మరక గాదన్నా, గుంత వడ్డది" అన్నాడు. తర్వాత గీతలు చూపించి, "ఇవి మాత్రం పిట్ట గీసినయి గావు" అని నవ్వాడు.

మరకకూ గుంతకూ తేడా తెలియకపోవడం వల్లే మనలో చాలామంది కారును పాడు చేసుకుంటున్నారు. మరక రంగు మీద కూర్చుంటుంది, దాన్ని కడగొచ్చు. గుంత రంగులోనే పడుతుంది, ఎంత కడిగినా పోదు. కడిగితే పోతుందనుకుని రుద్దేకొద్దీ కొత్త గీతలు పడతాయి. అసలు పిట్ట రెట్టలో ఏముందో, అది ఇనుప రేకు మీది రంగులో గుంత ఎలా చేస్తుందో ముందు చూద్దాం.

పిట్టలకు మనలా మూత్రం వేరు, మలం వేరు అని ఉండదు. రెండూ ఒకే దారిలో కలిసి వస్తాయి. మన ఒంట్లో వ్యర్థ నత్రజని యూరియాగా మారి నీళ్లలో కరిగి బయటికి పోతుంది. దానికి చాలా నీళ్లు కావాలి. ఎగిరే ప్రాణి అన్ని నీళ్లు మోయలేదు కాబట్టి పిట్ట దాన్ని యూరిక్ యాసిడ్‌గా మార్చి, ముద్దలాగా వదిలేస్తుంది. రెట్టలో తెల్లగా కనిపించేది అదే. మధ్యలో నల్లగానో ఆకుపచ్చగానో ఉన్నది మలం. డాక్టరు రక్త పరీక్ష చూసి "యూరిక్ యాసిడ్ పెరిగింది, మాంసం తగ్గించు" అంటాడే, అదే పదార్థం. కాలి బొటనవేలి కీలులో పేరుకుని ప్రాణం తీసేది కూడా అదే. అక్కడ ఎందుకు పేరుకుంటుందో కారు మీద కూడా అందుకే ఉండిపోతుంది. అది నీళ్లలో సరిగా కరగదు. లీటరు మామూలు చల్లటి నీళ్లలో సుమారు 60 మిల్లీగ్రాములు మాత్రమే కరుగుతుంది. చెంబుడు నీళ్లు పోసి "పోలేదే" అని గుడ్డ అందుకోవడం అందుకే.

యాసిడ్ అన్న పేరు వినగానే అది రంగును తినేస్తుందని అందరూ తేల్చేస్తారు. అందులో నిజం కొంతే. యూరిక్ యాసిడ్ బలమైన ఆమ్లం కాదు, బాత్రూం కడిగే యాసిడ్‌తో దానికి పోలికే లేదు. అదొక్కటే అయితే పుష్యమాసంలో పడిన రెట్ట కూడా మే నెలలో పడినదంత నష్టం చేయాలి. చలికాలంలో రెండు రోజులు ఉన్న రెట్టను తడిపి తీస్తే చాలాసార్లు ఆనవాలు కూడా ఉండదు. అదే ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం చాలు.

ఆ తేడా తెచ్చేది ఎండ. అదెలాగో తెలియాలంటే రంగు పొరల సంగతి తెలియాలి. ఫ్యాక్టరీలో రేకును ముందు కరెంటు పారే తొట్టిలో ముంచి తుప్పు పట్టకుండా ఒక పూత వేస్తారు. దాని మీద ప్రైమర్, ఆ పైన మనకు కనిపించే రంగు, అన్నిటికన్నా పైన క్లియర్ కోట్ అనే రంగులేని వార్నిష్ లాంటి పొర. షెడ్డుల్లో దాన్ని ఒట్టి "క్లియర్" అంటారు. మెరుపంతా దానిదే. ఇన్ని పొరలు కలిపినా మందం దాదాపు 100 నుంచి 150 మైక్రాన్లు. అందులో క్లియర్ 40, 50 మైక్రాన్లు, అంటే తలవెంట్రుక మందం కూడా ఉండదు. మనం ఆరాటపడేదంతా ఆ వెంట్రుక కన్నా పలచని పొర గురించే.

నల్లగొండలో 44, 45 డిగ్రీలు కొట్టే రోజున ముదురు రంగు బానెట్ 70 డిగ్రీలు దాటుతుంది. అరచెయ్యి పెట్టి మూడు లెక్కపెట్టేలోపే తీసేస్తాం. క్లియర్ కోట్ ఒక రకం ప్లాస్టిక్ లాంటి పాలిమర్ కాబట్టి ఆ వేడికి కొంచెం మెత్తబడి సాగుతుంది. దాని మీదున్న రెట్ట మాత్రం అదే ఎండకు ఎండి గట్టిపడుతుంది. సాయంత్రం రేకు చల్లబడేటప్పుడు క్లియర్ మళ్లీ కుంచించుకుని, ఆ గట్టి రెట్ట అడుగున ఎలాంటి గరుకుదనం ఉంటే అలాగే బిగుసుకుంటుంది. కొత్తగా పోసిన సిమెంటు గచ్చు మీద కోడి నడిచిపోతే ఏమవుతుంది? కోడి పోయినా కాలి ముద్ర ఉండిపోతుంది. ఇదీ అంతే. ఆ గరుకు చోట వెలుగు తిన్నగా తిరిగి రాక చెదిరిపోతుంది, అందుకే మసకగా కనిపిస్తుంది. కారు పాలిష్‌లు తయారుచేసే ఆటోగ్లిమ్ అనే బ్రిటిష్ కంపెనీ వాళ్లు పరీక్షలు చేసి ఈ వివరణ ఇచ్చారు.

ఇంకో వివరణ ఇరాన్ పరిశోధకులది. వాళ్లు 2009 ప్రాంతంలో క్లియర్ కోట్ మీద అసలు రెట్టనూ, దానికి బదులుగా పాంక్రియాటిన్ అనే జీర్ణ ఎంజైముల మిశ్రమాన్నీ పెట్టి చూశారు. పిట్ట పొట్టలో పిండినీ కొవ్వునూ మాంసకృత్తులనూ అరిగించే ఎంజైములు రెట్టతో పాటు బయటికొస్తాయి. అవి నీటి సాయంతో క్లియర్ కోట్‌లోని రసాయన బంధాలను కూడా మెల్లగా తెంపుతాయని వాళ్లు చూపించారు. అంటే పిట్ట సగం అరిగించిన తిండి మన కారును కూడా అరిగించడానికి చూస్తుందన్నమాట.

ఈ రెండు వివరణల్లో ఏది ఎక్కువ నిజమో తేల్చుకోవడం బండి ఉన్నవాడికి అంత అవసరం లేదని నా అభిప్రాయం. ముద్ర పడటానికైనా, బంధాలు తెగడానికైనా కావాల్సింది వేడీ, సమయమూ. రెట్ట ఎంత వేడిలో ఎంతసేపు ఉందన్నదే లెక్క.

గీతల కథ వేరు. మహబూబ్‌నగర్ ఊరి బయట పిల్లలమర్రి తెలియనివాళ్లు ఉండరు. మూడెకరాలు పరుచుకున్న, ఏడు వందల ఏళ్లదని చెప్పుకునే మర్రి. మర్రిపండు తిన్న పిట్ట గింజను అరిగించుకోలేదు. దాన్ని రెట్టలో వదిలేస్తుంది. గుడి గోపురాల మీదా, పాత మిద్దెల పిట్టగోడల్లోనూ మర్రి, రావి మొలకలు లేచేది అలాగే. గోపురం మీద మొలకెత్తే ఆ గింజే బానెట్ మీద పడితే గరుకు కాగితం. దానికి మన ఎర్రమట్టి దుమ్ము తోడవుతుంది. పిట్టలు తిండి అరగడానికి మింగే ఇసుక రేణువులు కూడా అందులో కొన్ని ఉంటాయి. ఎండిన రెట్టను ఒట్టి గుడ్డతో రుద్దడమంటే ఈ గింజలనూ ఇసుకనూ వేలితో నొక్కిపెట్టి క్లియర్ మీద తిప్పడమే. నేను చేసింది సరిగ్గా అదే.

మరి ఎలా తీయాలి? మొదలుపెట్టడానికి తొందరపడాలి, తీసేటప్పుడు మాత్రం అస్సలు తొందర వద్దు. రేకు వేడిగా ఉంటే ముందు బండిని నీడకు జరిపి చల్లారనివ్వాలి. కాలే రేకు మీద పోసిన నీళ్లు రెట్టను నానబెట్టకముందే ఆవిరైపోతాయి. చల్లారాక మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డను, అది లేకపోతే ఉతికిన నూలు గుడ్డను రెండు మడతలు చేసి, బాగా తడిపి, రెట్ట మీద పట్టీ వేసినట్టు పరిచి వదిలేయాలి. నీళ్లలో కొన్ని చుక్కలు కారు షాంపూ కలిపితే ఇంకా మంచిది. తాజా రెట్టకు ఐదు నిమిషాలు చాలు. రెండు మూడు రోజులదైతే పావుగంట, మధ్యలో మళ్లీ తడుపుతూ ఉండాలి. ఇక్కడే అందరికీ ఓపిక పోతుంది. చాయ్ తాగొచ్చి చూడండి. యూరిక్ యాసిడ్ కరగకపోయినా, దాన్ని పట్టి ఉంచిన జిగురు నాని మొత్తం ముద్ద వదులవుతుంది. అప్పుడు గుడ్డను కిందికి నొక్కకుండా, వేళ్లతో చిటికెడు ఉప్పు తీసినట్టు రెట్టను గుడ్డలోకి పట్టి పైకి ఎత్తేయాలి. గుడ్డ మడత మార్చి, శుభ్రమైన వైపుతో మిగిలింది ఎత్తాలి. ఒకసారి రెట్ట ఎత్తిన వైపును మళ్లీ రేకుకు తాకించొద్దు. చివర నీళ్లు పోసి ఆరబెట్టాలి.

అయినా మొండికేస్తే లీటరు గోరువెచ్చటి నీళ్లలో ఒక చెంచా వంటసోడా పూర్తిగా కరిగించి, ఆ నీళ్లతో మళ్లీ తడిగుడ్డ వేయొచ్చు. యూరిక్ యాసిడ్ క్షార గుణమున్న నీళ్లలో కొంచెం మెరుగ్గా కరుగుతుంది. సోడా పలుకు మిగిలితే అది కూడా గీస్తుంది, అందుకే పూర్తిగా కరగాలంటున్నాను. తర్వాత మంచినీళ్లతో కడిగేయాలి.

ఈ లెక్కన నిమ్మకాయ, వెనిగర్ ఎందుకు పనికిరావో కూడా తెలుస్తుంది. చింతపండుతో ఇత్తడి చెంబు తళతళలాడుతుంది కదా, పులుపు దేనికైనా మందే అన్న నమ్మకం మన ఇళ్లలో బలంగా ఉంది. ఇత్తడి మీది చిలుము పులుపుకు కరుగుతుంది. పులుపులో యూరిక్ యాసిడ్ ఇంకా తక్కువ కరుగుతుంది. టూత్‌పేస్ట్ వాడితే మరక పోయినట్టు కనిపించేది దానిలోని సన్నటి పొడి క్లియర్‌ను గీకేస్తుంది కాబట్టి. గిన్నెలు తోమే పీచు, బట్టల సబ్బు పొడి, కిరోసిన్, పెట్రోల్, థిన్నర్ గురించి విడిగా చెప్పక్కర్లేదనుకుంటా. థిన్నర్ సలహా మాత్రం నాకు ఒకరు కాదు ముగ్గురు ఇచ్చారు. ఎండిన రెట్టను గీకితే లేచే దుమ్ము పీల్చడం ఊపిరితిత్తులకు కూడా మంచిది కాదు, తడిపి తీసి చేతులు కడుక్కోవడమే మేలు.

నల్లగొండ జిల్లాలో ఇంకో చిక్కుంది, నీళ్లు. బోరు నీళ్లతో కారు కడిగి ఎండలో ఆరనిస్తే ఒళ్లంతా తెల్లటి గుండ్రటి చుక్కలు తేలతాయి. చాలామంది వాటిని కూడా రెట్ట మరకలే అనుకుంటారు, కొందరు "ఫ్లోరైడ్ నీళ్లు కదా, రంగును కొట్టేసింది" అంటారు. ఫ్లోరైడ్ మర్రిగూడ, మునుగోడు వైపు ఎన్ని వేల మంది ఎముకలను వంచిందో మనకు తెలుసు. ఈ చుక్కల నేరం మాత్రం దానిది కాదు. గట్టి నీళ్లలో ఉండే కాల్షియం, మెగ్నీషియం లవణాలు నీళ్లు ఆవిరయ్యాక మిగిలిపోతాయి. రెట్ట తడపడానికి కావాల్సింది అరలీటరు నీళ్లే కాబట్టి వాటర్ ప్లాంట్ క్యాన్‌లో నుంచి తీసుకుంటే సరిపోతుంది. కృష్ణా నీళ్లు వచ్చే ఇంట్లో నల్లా నీళ్లే చాలు.

రెట్ట పోయాక మిగిలిన ఆనవాలు మరకా గుంతా అని ఇంట్లోనే తేల్చుకోవచ్చు. రాత్రి పూట మొబైల్ టార్చ్‌ను రేకుకు ఆనించినంత ఏటవాలుగా పట్టండి. పగటి వెలుగులో కనబడని అంచులు అప్పుడు కనబడతాయి. వేలికి పలచటి పాలిథిన్ కవర్ తొడుక్కుని ఆ చోట మెల్లగా జరపండి. ఒట్టి వేలికి తెలియని గరుకు కవర్ తొడిగితే తెలుస్తుంది. ఉబ్బెత్తుగా తగిలితే పైన ఇంకా ఏదో మిగిలి ఉంది, మళ్లీ నానబెట్టండి. నునుపుగా ఉండి మసకగా కనిపిస్తే పైపై గుంత. గోరు తట్టుకుంటే లోతు గుంత. పైపై గుంతలైతే ఒకటి రెండు రోజులు ఎండ తగలనిస్తే కొన్నిసార్లు వాటంతట అవే తేలికపడతాయి, వేడికి మెత్తబడిన క్లియర్ కొంత సర్దుకుంటుంది కాబట్టి. చెడగొట్టిన ఎండే కొంచెం బాగుచేయడం విడ్డూరమే. అలాగని హీట్ గన్ పెట్టి ఇంట్లో ప్రయోగాలు వద్దు.

సర్దుకోకపోతే మిగిలేది బఫింగ్. అందులో జరిగేది ఏమిటంటే, గుంతను పూడ్చడానికి మార్గం లేదు కాబట్టి చుట్టూ ఉన్న ఎత్తును అరగదీసి గుంతతో సమానం చేస్తారు. చెరువులో గుంటను పూడ్చలేక చెరువంతా తవ్వినట్టు. ఒకసారి కాంపౌండ్ అనే అరగదీసే పేస్టు పెట్టి మిషన్ తిప్పితే ఒకటి నుంచి మూడు మైక్రాన్ల దాకా క్లియర్ పోతుంది. ఒకసారికి పరవాలేదు. ప్రతి సర్వీసింగ్‌కూ "ఫ్రీ రబ్బింగ్ చేస్తం సార్" అని ఆశ పెట్టేవాళ్లకు తలూపితే మాత్రం నాలుగైదేళ్లలో క్లియర్ పొట్టు లేస్తుంది. ఎండలోని అతినీల లోహిత కిరణాల నుంచి రంగును కాపాడేది ఆ పొరే. ఉచితంగా వచ్చిందని ఒంటి మీది చర్మం ఒలిపించుకోం కదా. మరక ఉన్నచోట చేత్తో పాలిష్ పెట్టించుకుంటే సరిపోయేదానికి బండి మొత్తం ఎందుకు? గోరు తట్టుకునే గుంతకు 2000 నంబరు నీటి కాగితంతో, అంటే తడిపి వాడే చాలా సన్నటి గరుకు కాగితంతో, తేలిగ్గా పట్టి బఫ్ చేసే పనివాళ్లున్నారు, చెయ్యి తిరిగినవాడైతేనే ఒప్పుకోండి. రంగు పొర దాకా పోయి ఉంటే ప్యానెల్‌కు పెయింట్ కొట్టించడమే.

ముందుజాగ్రత్త కింద మార్కెట్లో చాలా అమ్ముతున్నారు. వ్యాక్స్ వేస్తే రెట్ట తిన్నగా క్లియర్‌కు అంటుకోదు, కానీ మన ఎండకు అది రెండు మూడు నెలల్లో పోతుంది. సిరామిక్ కోటింగ్ అంతకన్నా ఎక్కువ కాలం ఉంటుంది, రెట్ట కూడా తేలిగ్గా ఊడుతుంది. అయితే అది చాలా పలచని పొర. కొన్ని గంటల గడువు ఇస్తుంది తప్ప "ఇక ఏం పడినా ఏం కాదు" అని చెప్పేవాళ్ల మాట నమ్మొద్దు. వారంటీ కాగితంలో పిట్ట రెట్ట గురించి ఏం రాశారో డబ్బులు ఇవ్వకముందే చదవండి. పీపీఎఫ్ అనే పారదర్శక ఫిల్మ్ మాత్రం మందంగా ఉంటుంది, గుంత పడినా దానిలోనే పడుతుంది, ధర కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. దుమ్ము పట్టిన బండి మీద కవర్ కప్పడం కన్నా కప్పకపోవడమే నయం, గాలికి కవర్ ఊగినప్పుడల్లా దుమ్ము గీస్తుంది.

నా మటుకు అన్నిటికన్నా పనికొచ్చింది పార్కింగ్ తెలివి. నల్లగొండ పక్కన పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది, అక్కడ గర్భగుడిలో పడే స్తంభం నీడ పొద్దంతా కదలదు. బయట చెట్టు నీడకు అంత నిలకడ లేదు. పదింటికి నీడ చూసుకుని పెడితే రెండింటికి బండి నడి ఎండలో ఉంటుంది. పిట్టలు కూర్చునే కొమ్మ మాత్రం పైనే ఉంటుంది. నీడలో పడి ఎండలో కాలే రెట్టే అన్నిటికన్నా ప్రమాదం. పాలమూరులో నాకు జరిగింది అదేనని తర్వాత లెక్క కట్టుకుంటే తెలిసింది. ఇంకోటి, గోరింకలు, కాకులు పొద్దుగూకేసరికి గుంపులుగా ఒకే చెట్టుకు చేరతాయి. పగలు ఆ చెట్టు కింద పెట్టినా బతికిపోవచ్చు, రాత్రి పెడితే తెల్లారేసరికి సున్నం వేసినట్టే. చెరువు కట్టల మీద కొంగలు వాలే చెట్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. బండి ఆపేముందు తల పైకెత్తి వెతకడం దేనికి, కింద నేల చూస్తే తెల్లటి మచ్చలే చెబుతాయి. కరెంటు తీగల కిందా అంతే.

ఇప్పుడు నా బండి డోర్‌లో ఒక స్ప్రే బాటిల్, రెండు మైక్రోఫైబర్ గుడ్డలు ఉంటాయి. బనీను గుడ్డ ఇంటికి పోయింది. బానెట్ మీది ఎనిమిదింటిలో ఐదు బఫింగ్‌కు పోయాయి, రెండు టార్చ్ వేస్తే తప్ప కనబడవు. ఎనిమిదోది మామిడి పిందెంత, వైపర్‌కు దగ్గర్లో అలాగే ఉంది. అది కూడా తీసేయమని అడిగితే పెయింటర్ మళ్లీ వంగి చూసి, తల అడ్డంగా ఊపాడు.

"దాన్ని గెలుకకన్నా. ఇంకింత కొడితే క్లియర్ వోతది."